జవాబు చెప్పకుండా పది నిమిషాలు

ఓసీడీ (అక్కర్లేని ఆలోచన పదేపదే వచ్చి, ఊరట కోసం చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) ఉన్నవాళ్లు ధ్యానం మొదలుపెట్టి పది రోజులకే వదిలేయడం తరచూ జరుగుతుంది. అది బద్ధకం కాదు. ఆలోచన పోవాలని కూర్చుంటారు. అది పోకపోగా గొంతు పెంచుతుంది.

1987లో అమెరికా మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ కొందరిని ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దన్నాడు, తలపుకొస్తే గంట కొట్టమన్నాడు. గంట మోగుతూనే ఉంది. ఆ తర్వాత 'ఇక తలుచుకోవచ్చు' అనేసరికి, ముందునుంచీ తలుచుకోమన్నవాళ్ల కంటే వీళ్లకే అది ఎక్కువసార్లు గుర్తొచ్చింది.

కూకట్‌పల్లిలో ఫ్లాటుకు తాళం వేసి లిఫ్టు దాకా వచ్చిన మనిషికి 'నిజంగా పడిందా?' అనిపించిందనుకోండి. వెనక్కెళ్లి తాళంకప్ప లాగి చూస్తే ప్రాణం కుదుటపడుతుంది. ఆ ఊరటలోనే ఉంది చిక్కంతా. లాగి చూశాను కాబట్టే గండం తప్పిందని మెదడు నేర్చుకుంటుంది, మెట్రో మెట్లెక్కేసరికి మళ్లీ అడుగుతుంది. కంటిగూళ్లకు పైనుండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్ నుంచి మెదడు లోపలి భాగాలైన కాడేట్, థాలమస్‌ల మీదుగా తిరిగే నాడీవలయం ఓసీడీలో అతిగా పనిచేస్తుందని మెదడు స్కాన్‌లు చూపించాయి. ఇలాంటి అనుమానం అందరికీ వస్తుంది. రోజుకు గంటకు పైగా దాంతోనే పోతున్నా, ఉద్యోగమో చదువో చెడుతున్నా, దాన్ని చాదస్తం అని సరిపెట్టుకోకూడదు.

దీనికి బాగా పనిచేసే మానసిక చికిత్స ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్). భయపెట్టే సందర్భంలోకి వెళ్లాలి, చేయాలనిపించిన పని చేయకుండా ఉండాలి. ఆ ఉండటమే కష్టం. యోగా, ధ్యానం అక్కరకొచ్చేది అక్కడే.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. మొదటి ఐదు నిమిషాలు తాడాసనం (నిటారుగా నిలబడటం), అర్ధకటి చక్రాసనం (నిలబడి పక్కకు వంగడం), నెమ్మదిగా. ఎడమవైపు వంగినంత కుడివైపు వంగలేదనిపిస్తే అలాగే వదిలేయాలి. సరిచేయడానికి మళ్లీ వంగకూడదు. తర్వాత ఐదు నిమిషాలు ముక్కుతో ఊపిరి: సుమారు 4 సెకన్లు లోపలికి, 6 సెకన్లు బయటికి. అంటే నిమిషానికి ఆరు. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది, అందుకే వదలడం నిదానంగా సాగాలి. తల తిరిగినా, వేళ్లు తిమ్మిరెక్కినా గాలి మరీ ఎక్కువ లాగుతున్నారని అర్థం; చిన్నగా తీయాలి. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, జోలికి వెళ్లొద్దు. ఆందోళన ఉన్నవాళ్లకు అది మరో భయమవుతుంది.

మిగతా పది నిమిషాలు కూర్చోవడమే. కుర్చీ అయినా సరే, కళ్లు సగం తెరిచి, ధ్యాస పాదాలు నేలకు ఆనిన చోట. అనుమానం వస్తుంది. 'తాళం గురించి ఆలోచన వచ్చింది' అని ఒక్కసారి అనుకుని, పడిందో లేదో తేల్చకుండా, పాదాల దగ్గరికి రావాలి. తాళం వేసిన దృశ్యాన్ని మనసులో మళ్లీ నడిపించి చూసుకోవడం కూడా తనిఖీయే. బయటికి కనపడదు కాబట్టి చాలామంది దీన్ని పట్టుకోలేరు.

మన ఇళ్లలో ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. చెడు తలపు రాగానే భయం తీరడానికి దేవుడి పేరు పదకొండుసార్లు అనుకుంటే, అదీ తాళం లాగడమే. వేళకు కూర్చుని చేసే జపం వేరు, దాన్ని మానక్కర్లేదు. చెడు తలపుకు ఎదురు తలపు తెచ్చుకోమని పతంజలి చెప్పిన ప్రతిపక్షభావన మామూలు కోపానికి మంచిదే, ఓసీడీలో మాత్రం ఇంకో తంతుగా మారే ప్రమాదం ఉంది. మడి, అంటు పట్టింపు జబ్బుగా ముదిరినవాళ్లకు నాడీశుద్ధి (ఒక్కో ముక్కురంధ్రంతో మార్చి మార్చి చేసే ప్రాణాయామం) అన్న పేరే చాలు, శుద్ధి అయిందా లేదా అని మొదలవుతుంది. లెక్కపెట్టే జబ్బున్నవాళ్లు శ్వాసలు లెక్కపెట్టకుండా ఫోనులో టైమర్ పెట్టుకోవాలి. ఊపిరి మీదో గుటక మీదో ధ్యాస ఇరుక్కుపోయినవాళ్లు శ్వాసను వదిలేసి ఫ్యాను చప్పుడు, వీధిలో హారన్లు వినడం మేలు. ఇక 'ఇవాళ సరిగ్గా కుదరలేదు' అని మొదటినుంచి మళ్లీ కూర్చోవడం అసలే వద్దు. టైమర్ మోగితే లేచిపోవాలి.

రెండు వారాలయ్యాక లిఫ్టు దగ్గర ప్రయత్నించవచ్చు. వెనక్కెళ్లడాన్ని ఐదు నిమిషాలు వాయిదా వేసి, ఆందోళన పదికి ఎంతుందో చీటీ మీద రాసుకోవాలి. తర్వాత పది నిమిషాలు, ఇరవై, చివరికి తిరిగి చూడకుండా మెట్రో ఎక్కడం. తనిఖీ చేయకపోయినా ఆ అంకె దిగుతుందని తన చేతిరాతలోనే కనిపిస్తే, ఎవరు చెప్పినదానికంటే ఎక్కువ నమ్మకం కుదురుతుంది. కొన్నిసార్లు అంత త్వరగా దిగదు. అయినా ఆగగలిగితే అదీ నేర్చుకున్నట్టే.

ఓసీడీకి యోగా మీద జరిగిన పరిశోధనలు చాలావరకు కొద్దిమందితో చేసినవి. అందుకే ఇది ఈఆర్‌పీకి, మందులకు తోడు మాత్రమే. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మందులు ఓసీడీలో గుణం చూపడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. యోగా మొదలుపెట్టామని మధ్యలో ఆపకూడదు. ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడటం హైదరాబాద్‌లో ఎంతోమందిని చికిత్సకు దూరం చేసింది. అక్కడి ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఓపీకి వెళ్లి, అదే రోజు ఇంటికి వచ్చేయవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనిపిస్తుంటే ఆగకుండా వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయాలి.

ఇంట్లోవాళ్లకూ ఒక పని ఉంది. 'అమ్మా, తాళం పడిందా?' అంటే 'పడింది నాన్నా' అని పదోసారి చెప్పడం ప్రేమే, కానీ ఆ జవాబు జబ్బుకు మేత. ఏం చెప్పాలో ముందే ఇద్దరూ అనుకుని పెట్టుకోవాలి. అడిగినప్పుడు, 'ఇది నీ అనుమానం అడిగిస్తోంది నాన్నా. జవాబు చెప్పను గానీ, అది తగ్గేదాకా నీ పక్కనే కూర్చుంటాను' అనాలి. అని, కూర్చోవాలి.