బండి లాగుడు ఎక్కడి నుంచి వస్తుంది?

విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ లారీ బేరానికి నిలబడ్డవాళ్లు ముందుగా చూసేది బండి మీది మోడల్ నంబరు. 1613 అంటే 16 టన్నుల బండి, 130 హార్స్ పవర్. 2518 అంటే 25 టన్నులు, 180 హార్స్ పవర్. ఆ నాలుగు అంకెల్లో టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, ఉండదు. గుంటూరులో మిర్చి టిక్కీలు వేసుకుని, గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కే డ్రైవరుకు అసలు కావలసింది అదే. పవర్ ఎక్కువున్న బండి ఎక్కుడులో ఎందుకు చతికిలబడుతుందో తెలియాలంటే, ఇంజన్‌లోకి గాలి పోయే దారి ఇన్నేళ్లలో ఎలా మారుతూ వచ్చిందో చూడాలి.

టార్క్‌ను ఇంజన్ వేగంతో గుణిస్తే వచ్చేదే పవర్. 1,400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 700 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంటే అది సుమారు 140 హార్స్ పవర్. అదే టార్క్ 2,400 దాకా నిలబడితే దాదాపు 240. పై వేగంలో సిలిండర్ బాగా నిండితే బండి మీద పెద్ద నంబరు పడుతుంది. కింది వేగంలో బాగా నిండితే ఘాట్‌లో గేరు దించే పని తగ్గుతుంది. గాలి పోయే పైపు కొలతలు మారకపోతే ఈ రెండూ ఒకే ఇంజన్‌లో సాధించడం కష్టం.

కారణం పైపులోని గాలి అలలు. పిస్టన్ కిందికి దిగి గాలిని లాగినప్పుడు ఒక పీడన అల మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే) పైపు వెంట వెనక్కి పోతుంది, తెరిచి ఉన్న కొస తగిలి తిరిగొస్తుంది. వాల్వు మూసుకునేలోపు అది వచ్చిందంటే కొంచెం ఎక్కువ గాలిని లోపలికి తోస్తుంది. ఆలస్యమైతే లాభం లేదు. నెమ్మదిగా తిరిగే ఇంజన్‌లో టైము ఎక్కువుంటుంది కాబట్టి పైపు పొడుగ్గా ఉండాలి, వేగంగా తిరిగే ఇంజన్‌కు పొట్టిగా ఉండాలి.

దీన్ని రోడ్డు మీద కళ్లకు కట్టినట్టు చూపించిన బండి 1960 నాటి క్రైస్లర్ 300ఎఫ్. పొడవాటి ఇన్‌టేక్ పైపులతో 375 హార్స్ పవర్, 2,800 ఆర్‌పీఎం దగ్గర సుమారు 670 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. అలల లెక్కకు పొట్టిగా పనిచేసే పైపులున్న రకంలో పవర్ 400కు పెరిగింది. టార్క్ మాత్రం 630కి తగ్గి, అదీ 3,600 దగ్గరికి జరిగింది. ఇంజన్ సైజు అదే, ముఖ్యంగా మారింది గాలి దారి. కొనేవాడు రెండింట్లో ఒకటే ఎంచుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఇంజనీర్లు పైపునే మార్చడం మొదలుపెట్టారు. 1980లలో టొయోటా ప్రతి సిలిండర్‌కూ రెండు దారులు పెట్టి, కింది వేగంలో ఒకటి మూసేసింది. 1991లో లె మాన్స్ రేసు గెలిచిన మాజ్డా 787బీలో పైపు పొడవు పరుగులోనే సాగేది, కుదించుకునేది. 2009 రామ్ పికప్‌లోని 5.7 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌కు పొడుగు, పొట్టి దారుల మధ్య మారే మ్యానిఫోల్డ్ వచ్చింది. అమెరికాలో ట్రక్కు అంటే ఎక్కువగా ఇలాంటి బండే, మన పది టైర్ల లారీ కాదు.

మన డీజిల్ లారీకి ఈ కిటుకు నేరుగా ఎందుకు పనికిరాదు? లెక్క వేస్తే తెలుస్తుంది. క్రాంక్ పావు చుట్టు తిరిగేలోపు అల వెళ్లి రావాలనుకుంటే, 5,000 ఆర్‌పీఎంకు అరమీటరు పైపు చాలు. 1,400కు దాదాపు 1.8 మీటర్లు కావాలి. ఆరు సిలిండర్లకు ఆరు పైపులు క్యాబిన్ కింద ఎక్కడ పడతాయి? 1970లలో హంగేరీ ఇంజనీరు గ్యూలా చెర్ దీనికి వేరే దారి పట్టాడు. మూడేసి సిలిండర్లను ఒక గాలి డబ్బాకు కలిపి, పొడుగు పైపుతో అలలు పుట్టించి, దాన్ని టర్బోతో (ఇంజన్ వదిలే పొగ తోపుతో తిరిగి, లోపలికి గాలిని ఒత్తే పరికరం) జత చేశాడు. కింది వేగంలో టర్బో చేతులెత్తేసే చోట అలలు అందుకునేవి. లారీ ఇంజన్ కోసం జరిగిన ఈ పనికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నాకనిపిస్తుంది.

చివరికి నిలిచింది టర్బోనే. ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. 1954లో వోల్వో టైటాన్ లారీకి టర్బో తగిలిస్తే 150 హార్స్ పవర్ 185 అయింది. అదే ఏడాది టాటాల కంపెనీ టెల్కో బెంజ్‌తో కలిసి మన దేశంలో లారీల తయారీ మొదలుపెట్టింది, టర్బో లేకుండా. దశాబ్దాల పాటు ఆ బండ్లకు లాగుడు కావాలంటే ఆటోనగర్‌లో దొరికిన మందు ఒక్కటే, డీజిల్ పంపు పెంచడం. డీజిల్ పెరిగేది, గాలి పెరిగేది కాదు. మిగిలిన డీజిల్ నల్లపొగై సైలెన్సర్‌లోంచి పోయేది, మైలేజీ పడిపోయేది.

దీనికి అడ్డుకట్ట వేసింది పొగ నిబంధనలే. 2000లో మొదటి దశ, 2017 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్ (భారత్ స్టేజ్)-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6. ఒక్కో మెట్టుకూ టర్బో, అది ఒత్తిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, కంప్యూటర్ చెప్పినట్టు నడిచే ఇంజెక్టర్లు మామూలైపోయాయి. గాలి దారిని మార్చే పని కూడా కొన్ని ఇంజన్లలో పైపు నుంచి టర్బోకు బదిలీ అయింది. టర్బోలో పొగతో తిరిగే చక్రం (టర్బైన్) చుట్టూ కదిలే రెక్కలుంటాయి. కింది వేగంలో అవి దగ్గరకొస్తే, నీళ్ల పైపు కొసన బొటనవేలు అదిమినట్టు, పొగ వేగం పెరిగి టర్బో త్వరగా అందుకుంటుంది. పై వేగంలో విచ్చుకుంటాయి. మసి పట్టి ఆ రెక్కలు బిగుసుకుంటే మాత్రం అదే ఇంజన్ మొద్దుబారిపోతుంది.

ఇంత చరిత్ర తర్వాత కూడా లాగుడు లేదని వచ్చే బండికి ముందు పంపు, నాజిల్ వైపు చూసే అలవాటు పోలేదు. ముందు చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే హోస్. క్లిప్పు కింద సన్నటి చీలిక, దాని చుట్టూ నూనె జిడ్డుతో నల్లటి మరక కనిపిస్తే, కొంచెం గాలి ఒత్తిడి ఇచ్చి సబ్బు నీళ్లు పూయండి. బుడగలు లేస్తే టర్బో ఒత్తిన గాలి అక్కడే పోతోంది.

కొత్త బండి కొనేవాళ్లు షోరూములో హార్స్ పవర్‌తో ఆగకుండా, పూర్తి టార్క్ ఎన్ని ఆర్‌పీఎం నుంచి ఎన్నింటి దాకా నిలబడుతుందో కాగితం మీద చూపించమనండి. 1,200 దగ్గరే అందుకుని 1,600 దాటేదాకా వదలని ఇంజన్‌ను పాత అలవాటు కొద్దీ 2,200 దాకా రేస్ చేయనక్కర్లేదు. ఈ మాట ఓనరుతో పాటు డ్రైవరుకు కూడా, తాళాలు చేతికిచ్చే రోజే చెప్పాలి.