జారే తీగ ఎవరి ఖర్చు?

కర్నూలులో కిడ్నీ రాళ్ల ఆపరేషన్ బిల్లుల గొడవ మళ్లీ మొదలైంది. రాయిని దాటించి మూత్రనాళంలో దారి చూపే సన్నని తీగ (గైడ్ వైరు) మామూలుది పనిచేయక జారే రకం వాడితే, దాని ఖర్చు ఆసుపత్రిదా, రోగిదా అన్నదే పేచీ. "మామూలు వైరు పోవట్లేదు, జారే వైరు తెప్పించండి" అని మధ్యలో చెబితే థియేటర్ బయట ఉన్న ఇంటివాళ్లకు ఎంత టెన్షన్!

ఈ పేచీకి ఒక మూలం అనంతపురంలో ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అదొకటి. ఒక్కో ఆపరేషన్‌కు ఇంత అని ప్యాకేజీ కట్టారు, సామగ్రి కూడా అందులోనే. అలాంటి ప్యాకేజీలో మొదటి తీగ పోక రెండో తీగ ప్యాకెట్ విప్పితే ఆ ఖర్చు ఆసుపత్రి లెక్కలో పడుతుంది.

అసలు మలుపు మాత్రం అంతకంటే పాతది. ఒకప్పుడు ఉన్నది టెఫ్లాన్ పూత వేసిన స్టీలు తీగే. గట్టిగా నిలబడుతుంది, దాని మీదుగా స్టెంట్ (మూత్రం దిగడానికి లోపల ఉంచే గొట్టం) చక్కగా ఎక్కుతుంది. కానీ నెలల తరబడి ఒకేచోట ఇరుక్కున్న రాయి దగ్గర మూత్రనాళం గోడ వాచి, దారి మూసుకుపోయి ఉంటుంది. అక్కడ స్టీలు తీగ రాయికి తగిలి మడత పడుతుంది. బలవంతం చేస్తే గోడను చీల్చుకుని పోతుంది.

1980లలో నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ లోహానికి నీటితో జారే పూత వేసిన తీగలు వచ్చాయి. వంచినా తిన్నగా అవుతాయి. కొన వంపుగా ఉన్న రకాన్ని తిప్పుకుంటూ రాయి పక్కన సందు వెతకవచ్చు. తీగ దాటని రాయిని కూడా 'ఇరుక్కున్న రాయి' అంటారు డాక్టర్లు. అంటే చేతిలో ఏ తీగ ఉందో దాన్నిబట్టి రాయి పేరే మారిపోతుంది! ఈ ఒక్క మాట అర్థమైతే గొడవ సగం అర్థమైనట్టే. ఏ తీగా దాటకపోతే వీపు వైపు నుంచి కిడ్నీకి గొట్టం వేయాల్సి రావచ్చు. రాయికి పైన, కిడ్నీలో చీము పట్టి ఉంటే ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

అందరికీ జారే తీగ అక్కర్లేదనే డాక్టర్ల మాటా నిజమే. అది చేతిలోంచీ జారిపోతుంది, ఆరితే అతుక్కుంటుంది, గోడలోకి దూరినా చేతికి తెలియదు. అందుకే రాయి దాటాక సన్నని గొట్టం ఎక్కించి, గట్టి తీగ మార్చుకుంటారు. కొన జారుతూ, ఒళ్లు గట్టిగా ఉండే రకమూ ఉంది. దాని ధర ఎక్కువ.

కానీ రెండు నెలల స్కానింగుల్లో రాయి కదల్లేదని తెలిసినప్పుడు జారే తీగను అదనం అనడం సరికాదు. మత్తు ఇవ్వకముందే అది థియేటర్‌లో ఉండాలి. దాని కోసం ఇంటివాళ్లను మందుల షాపుకు పరిగెత్తించకూడదు.