గుత్తికోయల తగాదా: 2005లో ఆ ఆరు నెలలు

తొలకరి పడితే చాలు, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లో ఏటా ఒకటే గొడవ. మొక్కలు నాటడానికి అటవీ శాఖ వాళ్లు జేసీబీలతో వస్తారు. అదే చెలకలో విత్తనం వేసుకున్న గుత్తికోయలు, అంటే ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి వలస వచ్చిన మురియా తదితర గిరిజనులు, అడ్డం నిలబడతారు. నాలుగు రోజులు పేపర్లలో ఫొటోలు వచ్చి ఆగిపోతాయి. ఇప్పుడు దానికి కొత్త వాదన ఒకటి తోడైంది. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టులను లేకుండా చేస్తామని కేంద్ర హోంమంత్రి అమిత్ షా గడువు పెట్టినప్పటి నుంచి, ‘బస్తర్‌లో గొడవ సద్దుమణిగాక ఇక్కడేం పని? మీ ఊళ్లకు మీరు వెళ్లండి’ అనే మాట బలంగా వినపడుతోంది.

బస్తర్‌లో మావోయిస్టుల మీదికి ఆదివాసీలనే ఎగదోసిన ఉద్యమం సల్వాజుడుం. కాంగ్రెస్ నేత మహేంద్ర కర్మ దాన్ని ముందుండి నడిపితే, ఛత్తీస్‌గఢ్‌లో అప్పటి రమణ్‌సింగ్ ప్రభుత్వం వెనకేసుకొచ్చింది. ఆ గొడవల్లో 600కు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని దోర్నపాల్, ఎర్రబోరు, ఇంజరం లాంటి చోట్ల రోడ్డు పక్క శిబిరాలకు తోలారు. శిబిరానికి పోతే అన్నలు, పోకపోతే జుడుం వాళ్లు బతకనివ్వరని భయపడినవాళ్లు రాత్రికి రాత్రే చింతూరు వైపు, గోదావరి వెంబడి చర్ల, వెంకటాపురం వైపు వచ్చేశారు. ఇదంతా చాలాసార్లు రాసిందే. ఈ తగాదాకు అసలు ముడి ఎక్కడ పడిందో మాత్రం ఎవరూ పెద్దగా రాయరు. అది పడింది బస్తర్‌లో కాదు, ఢిల్లీలో.

2005 డిసెంబరు 13న లోక్‌సభలో అటవీ హక్కుల బిల్లు ప్రవేశపెట్టారు. మొదటి ముసాయిదా ప్రకారం 1980 అక్టోబరు 25కు ముందు నుంచి అడవి భూమి సాగు చేస్తున్నవాళ్లకే హక్కు. బిల్లును పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ కమిటీకి అధ్యక్షుడు అప్పటి మన పార్వతీపురం ఎంపీ, కురుపాం సంస్థానం కుటుంబానికి చెందిన వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్. 1980 గడువు పెడితే చాలామంది ఆదివాసీలకు అన్యాయం జరుగుతుందని పట్టుబట్టి, బిల్లు పెట్టిన రోజునే గడువుగా మార్చాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. చట్టంలో చివరికి అదే నిలిచింది. గడువు ఒక్క దెబ్బతో పాతికేళ్లు ముందుకు జరిగింది. దేశమంతటా లక్షల కుటుంబాలకు దానివల్ల మేలే జరిగింది.

ఆ తేదీ నాటికి సల్వాజుడుం మొదలై ఆరు నెలలే. అది మొదలైంది 2005 జూన్‌లో. ఊళ్లు ఎక్కువగా ఖాళీ అయింది ఆ తర్వాతి రెండేళ్లలో. అంటే గుత్తికోయల్లో చాలామంది ఇక్కడ చెట్టు కొట్టి పోడు వేసుకునేసరికి గడువు దాటిపోయింది. ఆ లెక్కన ఇక్కడి భూమి మీద హక్కు లేదు. మరి అక్కడి భూమి? అదే చట్టంలో సెక్షన్ 3(1)(ఎం) అని ఒకటుంది. అడవి భూమి నుంచి అక్రమంగా వెళ్లగొట్టబడిన గిరిజనులకు పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలంటుంది. తమాషా ఏమిటంటే ఆ సెక్షన్‌లోనూ అదే తేదీ ఉంది, 2005 డిసెంబరు 13. అక్షరం పట్టుకుని చదివే అధికారి దొరికితే 2006లో ఊరు వదిలినవాడికి అక్కడా లేదు, ఇక్కడా లేదు. భూమి మీద హక్కు తరతరాల నుంచి ఉన్నదే కదా, వెళ్లగొట్టిన తేదీతో ఏం పని అని వాళ్ల తరఫు వాళ్లు అడుగుతారు. చదవడానికి న్యాయంగానే ఉంది. ఆ న్యాయం కింద పట్టా చేతికి రావడం వేరే విషయం.

రెండో ముడి ఇంకా పాతది. విచిత్రంగా దాని మూలమూ తెలుగువాళ్ల దగ్గరే ఉంది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల తొమ్మిదేళ్ల వయసులో బొంబాయి వెళ్లిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి అక్కడ మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఆయన కులం ఎస్టీ. ఒక రాష్ట్రంలో ఉన్న గిరిజన హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఉద్యోగం కోసం వెళ్లిన కుటుంబానికి, తుపాకీ భయంతో పారిపోయి వచ్చిన కుటుంబానికి తేడా చూపించాల్సిన అవసరం ఆ కేసులో రాలేదు. అటవీ హక్కుల చట్టమూ అదే దారి పట్టింది. ఎక్కడ ఎస్టీలుగా ప్రకటించారో అక్కడి ఎస్టీలకే ఆ హక్కులు అంటుంది. మురియాలు ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలు. సరిహద్దు ఇవతలికి వస్తే కాగితం మీద గిరిజనేతరులు. పోనీ ‘ఇతర సంప్రదాయ అటవీవాసులు’ అనే ఇంకో కోటా కింద వద్దామా అంటే, మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు చూపాలి.

యూనివర్సిటీల్లో ఈ వలస గురించి రాసినవాళ్లు ఒక మాట మీద లేరు. మానవశాస్త్రవేత్తలకు అసలు ఆ సరిహద్దే అంతగా పట్టదు. బస్తర్‌లో 1920ల చివర పాలనాధికారిగా చేసి తర్వాత నిజాం కొలువుకు వచ్చిన గ్రిగ్సన్ అయినా, 1940లలో హైదరాబాద్ సంస్థానం గిరిజనుల మధ్య తిరిగిన హైమన్‌డార్ఫ్ అయినా చూసింది కొత్త పోడు కోసం, పెళ్లి సంబంధాల కోసం గోదావరి, ఇంద్రావతి లోయల్లో అటూ ఇటూ కదిలే జనాన్ని. ఇక్కడి కోయవాళ్ల మాట, మురియాల మాట ఒక చెట్టు కొమ్మలే. చింతూరు సంతలో ఇప్పటికీ రెండు వైపుల వాళ్లూ దుబాసీ లేకుండానే బేరమాడుకుంటారు. ఈ లెక్కన వచ్చినవాళ్లు పరాయివాళ్లు కారు, చుట్టాలు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, పంచుకోవాల్సింది రెండెకరాల చెలక అయినప్పుడు చుట్టరికం ఎంతవరకు నిలుస్తుందో ఈ వాదన చెప్పదు.

ఆర్థికశాస్త్రం వైపు నుంచి చూస్తే కథ మిర్చితో మొదలవుతుంది. ఖమ్మం, వరంగల్ రైతులు మిర్చి వైపు మళ్లాక ఏరడానికి చేతులు చాలలేదు. జనవరి దాటితే సరిహద్దు అవతలి నుంచి ట్రాక్టర్లలో, ఆటోల్లో కూలీలు దిగేవాళ్లు. చేను గట్టునే పరదా పట్టాలతో గుడిసె. కూలిలో కొంత ఎండు మిరపకాయలుగానే తీసుకుని మూట కట్టుకుపోయేవాళ్లు. సల్వాజుడుం మొదలయ్యాక ఎటు పారిపోవాలో తెలిసింది ఈ మిర్చి దారి వల్లనే. అందుకే కొందరు వీళ్లను ‘కూలి కోసం వచ్చినవాళ్లు’ అని తేల్చేస్తారు, ప్రభుత్వానికీ ఆ మాట సౌకర్యంగా ఉంటుంది. తెలిసిన దారిన పారిపోయినంత మాత్రాన భయం అబద్ధమైపోదు. ఆ దారి ఇంకా నడుస్తోంది కూడా. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి మూడు రోజులు నడిచి, ఊరి దగ్గరికొచ్చి ప్రాణం వదిలిన పన్నెండేళ్ల పిల్ల వార్త గుర్తుండే ఉంటుంది.

శరణార్థుల మీద పనిచేసేవాళ్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం ప్రకారం శరణార్థి కావాలంటే దేశం సరిహద్దు దాటాలి. వీళ్లు దాటింది రాష్ట్రం సరిహద్దే. దేశం లోపల నిర్వాసితులైనవాళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శకాలు తెచ్చింది గానీ వాటికి చట్టబలం లేదు, మన దగ్గర అలాంటి చట్టమూ లేదు. ఇదే దండకారణ్యంలో 1958 తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు కేంద్రం ప్రత్యేకంగా ప్రాజెక్టు పెట్టి, అడవి కొట్టించి మరీ పరల్‌కోట్, మల్కన్‌గిరి ప్రాంతాల్లో భూములిచ్చింది. ఆ అడవిలో తరతరాలుగా ఉన్నవాళ్లకు యాభై ఏళ్ల తర్వాత అడుగుపెట్టడానికి చోటు లేకపోయింది.

అటవీ శాఖ వాదన కొట్టిపారేసేది కాదు. ఏటూరునాగారం, కిన్నెరసాని అభయారణ్యాల్లో చెట్టు పోతే తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో వాళ్లకు తెలుసు. ఒకచోట చూసీచూడనట్టు వదిలేస్తే పక్కన ఇంకో పది గుడిసెలు లేస్తాయనేది వాళ్ల అనుభవం. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ప్లాంటేషన్‌కు అడ్డొచ్చినవాళ్లు ఒక రేంజ్ ఆఫీసర్‌ను నరికి చంపారు. ఆ దారుణాన్ని ఎవరూ సమర్థించలేరు. ఇద్దరికి కోర్టు యావజ్జీవం వేసింది కూడా. కాకపోతే నేరం చేసింది ఇద్దరైతే, గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్ పంపేయాలని బెండాలపాడు పంచాయతీ తీర్మానం చేసింది. పోడు పట్టాల సర్వేలో వీళ్లకు చోటు లేదని ప్రభుత్వమూ అప్పుడే తేల్చేసింది. 2023 జూన్ 30 నుంచి రాష్ట్రంలో లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు. సరిహద్దు దాటి వచ్చినవాళ్లు ఆ జాబితాలో లేరు. అంతకు ముందు 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో గుడిసెలు కూల్చినప్పుడు, అడ్డొచ్చిన ఆడవాళ్లను చెట్లకు కట్టేశారన్న ఆరోపణలు వచ్చాయి. ఆ గొడవ హైకోర్టు దాకా వెళ్లింది.

స్థానిక కోయల్లోనూ అసహనం ఉంది. దాన్ని దాచి రాయడం తప్పవుతుంది. తమకే పట్టాలు సరిగా రాక, పోలవరం ముంపులో ఊళ్లు పోతున్నప్పుడు కొత్తగా వచ్చినవాళ్లతో అడవిని పంచుకోమంటే ఎవరికైనా మంటగానే ఉంటుంది. మొదట్లో గూడెం పక్కన చోటిచ్చింది, కూలికి పిలిచింది కూడా వాళ్లే.

అసలు గుత్తికోయలు ఎంతమంది ఉన్నారన్నది కూడా తెగలేదు. వాళ్ల కోసం తిరిగే సంఘాలు నాలుగు రాష్ట్రాల్లో 50 వేల దాకా అంటాయి. తమ సర్వేలో తేలింది 10 వేల పైచిలుకేనని ఛత్తీస్‌గఢ్ చెప్పింది. 2014లో చింతూరు, కూనవరం, వీఆర్‌పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, ఒకే దారిన వచ్చిన చుట్టాలు కూడా రెండు ప్రభుత్వాల లెక్కల్లో విడిపోయారు. ఎవరి లెక్కలోకి వచ్చినా రాకపోయినా గూడేల బతుకు ఒకటే. తాగునీళ్లకు వాగులో తవ్విన చెలమ, కాన్పు కష్టమైతే మంచాన్ని డోలీగా కట్టి రోడ్డు దాకా మోత. పిల్లల చదువు కోసం 2007లోనే అప్పటి జాతీయ బాలల హక్కుల కమిషన్ ఛైర్‌పర్సన్ శాంతా సిన్హా వచ్చి చూసి వెళ్లారు. సల్వాజుడుంపై సుప్రీంకోర్టుకు వెళ్లిన ముగ్గురిలో విశాఖకు చెందిన మాజీ ఐఏఎస్ ఈఏఎస్ శర్మ ఒకరు. మిగతా ఇద్దరు సామాజికశాస్త్రవేత్త నందిని సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ. ఆదివాసీ కుర్రాళ్లకు ప్రత్యేక పోలీసు అధికారుల పేరుతో తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న తీర్పు చెప్పిన ధర్మాసనంలో జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి ఉన్నారు. సల్వాజుడుం తప్పని తేలింది. ఖాళీ అయిన ఊళ్లవాళ్లకు ఏమివ్వాలన్నది మాత్రం తేలలేదు.

ఇవ్వాలనుకుంటే ఎలా ఇస్తారో 2020 జనవరిలో చూశాం. 1997లో మిజోరం నుంచి త్రిపురకు పారిపోయిన బ్రూ గిరిజనులు సుమారు 34 వేల మందిని త్రిపురలోనే స్థిరపరచడానికి కేంద్రం 600 కోట్లతో ఒప్పందం చేసుకుంది. ఇంటి స్థలం, కుటుంబానికి 4 లక్షల డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5 వేలు, రేషన్. వాళ్లూ దాటింది రాష్ట్ర సరిహద్దే. గుత్తికోయల విషయంలో అలాంటి ఒప్పందానికి ఈ రాష్ట్రాలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టాలి. కేంద్ర గిరిజన శాఖ 2019లో లెక్కలు తేల్చమని ఉత్తరాలు రాసింది. అలాంటి ఒప్పందం మాత్రం ఇంకా కుదరలేదు.

ఇప్పుడు ‘వెళ్లిపొండి’ అంటున్నవాళ్లు ముందు జవాబు చెప్పాల్సిన ప్రశ్న, ఏ భూమికి వెళ్లాలన్నది. 2019లో కొన్ని కుటుంబాలు సుక్మా జిల్లా మరాయిగూడకు తిరిగి వెళ్లాయి. మిగతావాళ్లు వెళ్తే ఇరవై ఏళ్ల కిందటి పొలాల్లో ఎవరున్నారో, పట్టా ఎవరి పేరున ఉందో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం చెప్పాలి. ఇంకో వైపు, వలస వచ్చిన ఏడాది ఇక్కడ పుట్టిన పిల్లలకు ఇప్పుడు ఇరవై ఏళ్లు. తెలుగు మీడియంలో చదివారు, ఆధార్‌లో తెలంగాణ చిరునామా ఉంది. కుల ధ్రువీకరణ పత్రం కావాలంటే తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన పత్రం తెమ్మంటారు. ఆ తండ్రి పత్రాలు ఉంటే గింటే, 2006లో తగలబడిన ఇంట్లోనే ఉండాలి.