మన డేరా వెనక ఎవరి తలాపు?

బిడ్డలకు,

ఈసారి మేడారం జాతరకు మీరంతా కలిసి వెళ్తున్నారని, జంపన్నవాగు దగ్గర డేరా వేసుకుంటారని, లైట్లకూ సెల్‌ఫోన్లకూ చిన్న పెట్రోలు జనరేటర్ కిరాయికి మాట్లాడారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కన్నెపల్లి నుంచి సారలమ్మ వచ్చే బుధవారం, చిలకలగుట్ట దిగి సమ్మక్క వచ్చే గురువారం మీకు ఎలాగూ నిద్ర ఉండదు. నా టెన్షన్ అంతా అలిసిపోయి పడుకునే రాత్రుల గురించే.

ఇరవై ఏళ్లు టెంట్‌హౌస్ నడిపినవాణ్ని కదా, 2008 జాతరలో నేను చేసిన పని మీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. ఒక కుటుంబానికి డేరా వేసి, జనరేటర్‌ను డేరా వెనక పెట్టాను. చప్పుడుకు నిద్ర పట్టడం లేదని వాళ్లు విసుక్కుంటే, మూడు వైపులా రేకులు నిలబెట్టాను. మావాళ్ల మీదికి పొగ రావడం లేదు, చప్పుడూ తగ్గింది. నిశ్చింతగా పడుకున్నాను.

తెల్లవారుజామున నాలుగింటికి పక్క డేరాలోంచి ముసలమ్మ కేక. పిల్లలిద్దరికీ వాంతులు. కోడలు లేవబోయి తూలి పడింది. రాత్రి మాంసం పడలేదేమో అన్నారొకరు, బాగా తాగి ఉంటారులే అన్నారింకొకరు. కానీ ముసలమ్మకూ తల పగిలిపోతోంది. ఆమె ఆ రోజు ఒక్కపొద్దు, మందు ముట్టలేదు, మాంసం ముట్టలేదు. అప్పుడు చూశాను. నేను రేకు పెట్టకుండా వదిలిన నాలుగో వైపే వాళ్ల డేరా. సైలెన్సర్ మూతికీ ఆ గుడ్డకూ మధ్య మూరెడు దూరం కూడా లేదు. జనరేటర్ ఆపేసి, డేరా ఎత్తేసి, అందరినీ వాగు ఇసుకలోకి మోసుకొచ్చాం. వైద్య శిబిరంలో ఆక్సిజన్ పెట్టారు, బతికారు. ముసలమ్మ నన్ను ఒక్క మాటైనా అనలేదు.

మన డేరాకు వెనక అంటే పక్కవాళ్లకు తలాపు. అది నాకు ఆ రాత్రి దాకా తట్టలేదు.

కళ్లు మండించే పొగ కంటే ప్రమాదం అందులో కలిసి వచ్చే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకుంటారే, అలాగన్నమాట. ఆక్సిజన్ వచ్చేసరికి సీట్లు ఖాళీ ఉండవు. బరువులో గాలికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి నేల మీద పడుకున్నా, మంచం మీద పడుకున్నా తప్పించుకోలేం. పైగా మాఘమాసం చలి. గాలి కదలదు, డేరా అంచులకు మట్టి కప్పి మరీ బిగిస్తాం.

జనరేటర్ ఏ డేరాకైనా కనీసం 20 అడుగుల దూరంలో, మూతి మనుషులు లేని వైపుకు ఉండాలి. మన డేరాకే కాదు, పక్కవాళ్లకూ ఇదే లెక్క. మేడారంలో 20 అడుగుల జాగా ఎక్కడిది తాతా అంటారు. నిజమే. అందుకే డేరా వేయగానే పక్కవాళ్లతో మాట్లాడండి. నాలుగు డేరాలకు నాలుగు జనరేటర్లు ఎందుకు? ఒక్కటి చాలు. దాన్ని బాట చివర ఖాళీ జాగాలో పెట్టి, అతుకుల్లేని మందపాటి కేబుల్ లాగండి. పొద్దుగూకాక ఒక అగరుబత్తి వెలిగించి పొగ ఎటు వాలుతోందో చూడండి. వాగు పక్కన గాలి మళ్లుతుంది, కాబట్టి మళ్లీ మళ్లీ చూడాలి.

కొందరు సైలెన్సర్‌కు ఇనుప గొట్టం తగిలించి, పొగను డేరాల కంటే ఎత్తుకు పంపిస్తారు. నేనూ చేశాను. గొట్టం సైలెన్సర్ మూతి కంటే సన్నగా ఉంటే ఇంజన్ ఊపిరాడక వేడెక్కుతుంది. దాని బరువు సైలెన్సర్ మీద పడకుండా పక్కన గుంజ పాతి కట్టాలి. ఇంజన్ అదురుకు అతుకు వదులైతే విషం అక్కడే కారుతుంది. ప్లాస్టిక్ పైపు వేడికి కరుగుతుంది, దాని జోలికి పోవద్దు. ఇంత చేసినా గొట్టం ఉంది కదా అని జనరేటర్‌ను దగ్గరికి జరపకూడదు.

పడుకునే ముందు ఆపేయండి. రాత్రికి చార్జింగ్ లైటు చాలు. చల్లారాకే పెట్రోలు పోయండి. చలికి కుంపటి డేరాలోకి తెచ్చుకోవద్దు, దానిదీ అదే విషం. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీది దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి. ఒకే డేరాలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు, మగత వస్తే తిండి మీదకో మందు మీదకో నెట్టకుండా, ముందు బయటికి లాగి 108కి ఫోన్ చేయండి.

30 మీటర్ల కేబుల్ మన అటక మీద ఉంది, వచ్చి తీసుకెళ్లండి. మీ అమ్మమ్మ మొక్కు బంగారం కూడా మూట కట్టి పెట్టింది. దాన్ని బెల్లం అని పిలిస్తే ఆమెకు కోపం.

మీ తాత