మునిగినవాడిని తలకిందులు చేయకండి: గోదారి వేసవిలో అపోహలు - వాస్తవాలు

దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయి, బడులకు సెలవులు ఇచ్చారంటే 108 అంబులెన్సులో ఈఎంటీలుగా, అంటే దారిలో అత్యవసర వైద్యం చేసే సిబ్బందిగా, పనిచేసే మాకు వచ్చే ఫోన్ల తీరు మారిపోతుంది. రేవులో స్నానానికి దిగిన పిల్లలు, పెళ్లికని చుట్టాలింటికొచ్చి నది మధ్య లంకల్లోకి సరదాగా వెళ్ళిన కుర్రాళ్ళు, మిట్టమధ్యాహ్నం దాకా చేలో ఉండిపోయిన కూలీలు. ఊపిరి ఆగిన మనిషికి నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఏటిగట్టు మీదుగా, ఒక్కోసారి పంటు (మనుషుల్ని, బళ్ళను ఏరు దాటించే పడవ) మీద దాటి రావాల్సిన ఊళ్ళకు ఆ టైములో మేం చేరుకోలేం. ఆ కాసేపట్లో ఏం చేసినా గట్టు మీద ఉన్నవాళ్ళే చేయాలి. వాళ్ళు ధైర్యవంతులే, సాయం చేద్దామన్న తపన ఉన్నవాళ్ళే. కానీ చిన్నప్పటి నుంచి విన్న తప్పుడు మాటలు ఆ చేతుల్ని వేరే పనికి పెడుతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నీళ్ళు తాగినవాడిని తలకిందులు చేసి తిప్పాలి, పొట్ట నొక్కి కక్కించాలి.

మిగతావన్నీ మర్చిపోయినా ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మేం వెళ్ళేసరికి చాలాచోట్ల కనిపించేది ఒకటే. బలంగా ఉన్న ఒకాయన పిల్లాడిని పొట్ట తన భుజానికి ఆనేలా వేసుకుని గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతుంటాడు. పిల్లాడి చేతులు ఆయన వీపు మీద ఊగుతుంటాయి. నోట్లోంచి కాసిని నీళ్ళు పడగానే చుట్టూ ఉన్నవాళ్ళు "వచ్చేస్తున్నాయి, ఇంకా తిప్పండి" అంటారు. ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోవి కావు, పొట్టలోవి. వాటితో పాటు తిన్న అన్నం కూడా పైకి వచ్చి గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పిల్లాడు మాత్రం అంతసేపూ ఊపిరి లేకుండానే ఉంటాడు.

మునిగినవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి సాధారణంగా మనం అనుకున్నన్ని నీళ్ళు వెళ్ళవు. వెళ్ళినవాటిలో చాలావరకు ఒంట్లోకి ఇంకిపోతాయి. లోపల లేనిది గాలి. దాన్ని మనం అందించాలి.

వెల్లకిలా గట్టినేల మీద పడుకోబెట్టండి. భుజం తట్టి పిలవండి. పలకకపోతే, ఛాతీ లేచి పడుతోందో లేదో పది సెకన్లకు మించకుండా చూడండి. ఊపిరి లేకపోయినా, ఎప్పుడో ఒకసారి చేపలా నోరు తెరిచి ఎగపోస్తున్నా వెంటనే మొదలుపెట్టాలి. తల కాస్త వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో నోటిలోకి ఛాతీ లేచేలా రెండుసార్లు ఊదండి. కొన్ని శిక్షణల్లో ఐదుసార్లు అని నేర్పుతారు, అదీ సరైనదే. తర్వాత ఛాతీ నడుమ, చేతి మీద చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా 30 సార్లు నొక్కండి. పెద్దవాళ్ళకైతే సుమారు 5 సెంటీమీటర్లు దిగాలి, వేగం నిమిషానికి 100 నుంచి 120. మళ్ళీ రెండు ఊపిరులు, మళ్ళీ 30. చిన్నపిల్లలకు ఒక చెయ్యి చాలు. నోట్లోంచి నురుగు వస్తుంటే తుడుస్తూ కూర్చోకండి, ఊదుతూనే ఉండండి. వాంతి అయితే మాత్రం ఒక పక్కకు తిప్పి, నోరు శుభ్రం చేసి, మళ్ళీ అందుకోండి. ఊపిరి తిరిగి వస్తే పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి.

తేరుకుని లేచి కూర్చున్నవాళ్ళను కూడా ఆసుపత్రికి పంపాలి. "బానే ఉన్నాడు కదా" అని ఇంటికి తీసుకెళ్తే, కొన్ని గంటలకు దగ్గు, ఆయాసం ముదిరే అవకాశం ఉంది.

అపోహ: మునిగేవాడు చేతులెత్తి కేకలేస్తాడు.

కేకేయాలంటే ఊపిరి కావాలి. మునుగుతున్న మనిషికి నోరు నీటి పైకి వచ్చే ఆ కాస్త సమయం గాలి పీల్చుకోవడానికే సరిపోదు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి ఉండి, చేతులు నీటిని కిందికి తొక్కుతున్నట్టు కదులుతాయి. ఒక్కోసారి నిమిషం కూడా పట్టదు, మనిషి కనబడడు. పక్కనే ఉన్న ఫ్రెండ్స్ ఆడుకుంటున్నాడనుకుంటారు. కాబట్టి పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ పెద్దవాళ్ళలో ఒకరికి ఆ పని మాత్రమే ఉండాలి. ఫోన్ చూస్తూ "చూస్తున్నాంలే" అనడం చూడటం కాదు. పిల్లలు అల్లరి మాని హఠాత్తుగా నిశ్శబ్దమయ్యారంటే వెంటనే లేవండి.

అపోహ: నాకు ఈతొచ్చు, దూకి లాగేస్తాను.

ఒకరు మునిగితే ఆ ఒక్కరితో ఆగని సందర్భాలు మన దగ్గర ఉన్నాయి. అన్న కోసం తమ్ముడు, ఫ్రెండ్ కోసం ఫ్రెండ్ దిగుతారు. 2025 మే నెలలో ముమ్మిడివరం మండలం కమిని లంక దగ్గర గోదారిలో ఒకేసారి ఎనిమిది మంది కుర్రాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు మనసులో ఉండదు.

మునుగుతున్నవాడు తనను కాపాడటానికి వచ్చినవాడి మెడ పట్టుకుని పైకెక్కుతాడు. అది కావాలని చేసేది కాదు, ప్రాణభయం. ఎంత గజ ఈతగాడైనా ఆ పట్టులోంచి విడిపించుకోవడం కష్టం. ముందు విసరండి, లేదా అందించండి. తాడు, గెడ, లుంగీ, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాన్, అరటి బోదె, ఏదైనా సరే. పీచు తీయని ఎండు కొబ్బరికాయలు జతగా కట్టుకుని ఈత నేర్చుకున్న ఊళ్ళు మనవి. ఆ జతే విసిరినా మనిషి తేలతాడు.

ఒక కాలువ రేవులో బట్టలుతుకుతున్న మామ్మగారు ఇద్దరు కుర్రాళ్ళను దూకొద్దని అరిచి ఆపారు. మెట్టు మీద చతికిలబడి, పాదం రాయికి తన్నిపెట్టి, ఉతుకుతున్న తడి చీరను చుట్టగా చుట్టి విసిరారు. పొడి చీర గాలికి విచ్చుకుపోతుంది, తడిది బరువుగా సూటిగా వెళ్ళి పడింది. "పట్టుకో నాయనా, ఎక్కడానికి చూడకు, పట్టుకునుండు చాలు" అంటూ కుర్రాళ్ళ చేత నెమ్మదిగా లాగించారు. మేం వెళ్ళేసరికి ఆ అబ్బాయి తువ్వాలు కప్పుకుని దగ్గుతూ కూర్చున్నాడు. మా శిక్షణలో మాకు చెప్పేది అక్షరాలా అదే: కూర్చో, కాలు ఆనించు, విసురు.

ఇక ఈత సంగతి. కాలువలో నేర్చుకున్న ఈత నదిలో చాలదు. మందు పుచ్చుకుని దిగినవాడికి ఏ ఈతా చాలదు.

అపోహ: వేసవిలో నీళ్ళు తక్కువ, మోకాలి లోతే.

ధవళేశ్వరం నుంచి కిందికి గౌతమి, వశిష్ట, వైనతేయ పాయల్లో వేసవిలో ఇసుక తిన్నెలు బయటపడతాయి. చూస్తే ఆటస్థలంలా ఉంటుంది. కానీ ఇసుక తవ్విన గుంతలు నీటి అడుగున అలాగే ఉంటాయి. మోకాలి లోతులో నడుస్తుంటే తరువాతి అడుగు నిలువులోతులో పడుతుంది. గుంత అంచు ఇసుక కాలి కింద జారిపోతుంది కాబట్టి వెనక్కి ఎక్కడం కుదరదు. తిన్నె నిట్రంగా తెగి ఉన్నచోట అసలు దిగకండి. కొత్తగా వచ్చిన చుట్టాలకు ఈ మాట ఊరివాళ్ళే చెప్పాలి. కాలువలదీ అదే కథ. ఏప్రిల్‌లో కట్టేశాక మడుగుల్లో నీళ్ళు, లోతైన బురద మిగులుతాయి. జూన్‌లో మళ్ళీ వదిలినప్పుడు నిన్న ఆడుకున్న చోట ఈరోజు వడి ఉంటుంది. లాకుల దగ్గర, తూముల దగ్గర ఏ కాలంలోనూ ఈత వద్దు.

చేపల చెరువుల్లో ఇంకో ప్రమాదం కరెంటు. ఏరియేటర్ (నీటికి గాలి అందించే కరెంటు యంత్రం) తిరుగుతున్న చెరువులో చెయ్యి కూడా పెట్టకండి. షాక్ కొట్టినవాడిని ముట్టుకునే ముందు మెయిన్ కట్టేయండి.

అపోహ: సముద్రం లోపలికి లాగుతుంటే ఎదురీదాలి.

అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం తీరాల్లో ఒడ్డు నుంచి లోపలికి వెనక్కి లాగే నీటి పాయలు ఉంటాయి. అలలు విరగకుండా నునుపుగా కనిపించే సందే చాలాసార్లు ఆ పాయ. అది మనిషిని అడుగుకు లాగదు, దూరంగా తోసుకుపోతుంది. ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈది పాయలోంచి బయటపడి, అప్పుడు ఒడ్డుకు రండి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపండి. అంతర్వేది అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర, ఇతర నదీముఖాల దగ్గర పాటు తీసే వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నది నీరూ సముద్రం వైపే పరుగెడుతుంది. అక్కడ స్నానం మానుకోవడమే మంచిది.

అపోహ: లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే చాలు, అవసరమైతే వేసుకుంటాం.

2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ఈదురుగాలికి లాంచీ మునిగింది. వేసవి సాయంత్రాల గాలివాన ముందే చెప్పి రాదు. జాకెట్ ఎక్కేటప్పుడే వేసుకుని, బకిల్స్ పెట్టి, దిగాకే విప్పండి.

అపోహ: జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదు.

ఉల్లిపాయ తినండి, మంచిదే. జేబులో పెట్టుకుంటే ఏమీ చేయదు. మనకి రాయలసీమంత ఎండ ఉండదు కదా అనుకుంటారు. డెల్టాలో ఉక్క ఎక్కువ, పట్టిన చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. 2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు.

ఎండలో ఉన్న మనిషి ఒళ్ళు కాలిపోతూ, తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని కొట్టిపారేయకండి, కష్టం చేసేవాళ్ళకు చెమట పడుతూనే వడదెబ్బ తగలొచ్చు. నీడకు చేర్చి, చొక్కా విప్పి, బోరు కింద పెట్టినా సరే, బిందెలతో పోసినా సరే, ముందు ఒళ్ళు చల్లబరచండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు. స్పృహ సరిగ్గా లేనివాడి నోట్లో మజ్జిగ, కొబ్బరినీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అపోహ: 108కి "గోదారి దగ్గర" అంటే సరిపోతుంది.

ఏ ఊరు, ఏ రేవు, ఏ వైపు గట్టు, దగ్గర్లో ఏ లాకు లేదా గుడి ఉందో చెప్పండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఛాతీ నొక్కడం, ఊదడం కొనసాగించండి, అవతలివాళ్ళు చెబుతూ ఉంటారు. ఒక కుర్రాడిని బండి మీద మెయిన్ రోడ్డు మలుపుకు పంపి నిలబెట్టండి. పంటు దాటాలంటే, మేం వచ్చే వైపు ఒడ్డున పంటును సిద్ధంగా ఉంచమనండి.