జీలుగు బెండుతో మొదటి ఓడ

విశాఖపట్నం

ప్రియమైన పిల్లలూ,

పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడు మీరంతా అద్దాల బీరువాలో ఉన్న నా ఓడల మోడళ్ల చుట్టూ చేరారు. వెళ్లేటప్పుడు మీలో ఒకరు గుమ్మం దగ్గర ఆగి, "తాతయ్యా, మేమూ చెయ్యాలంటే ముందు ఏం కొనాలి?" అని అడిగారు. ఆ తొందరలో సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఏమీ కొనకండి. కొలత టేపు, నోటుపుస్తకం పట్టుకుని బీచ్‌కు వెళ్లండి.

ఆర్.కె. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మీరందరూ ఎక్కి చూసిందే. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధులు ముగించుకుని, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున ఉంది. పొడవు సుమారు 91 మీటర్లు. ఓడల మోడళ్లలో 1:350 అనే స్కేలు బాగా వాడతారు. అంటే అసలు ఓడలో 350 సెంటీమీటర్లు ఉన్నది మన బల్ల మీద ఒక్క సెంటీమీటరు అవుతుంది. లెక్క కట్టండి: కురుసుర 26 సెంటీమీటర్లు వస్తుంది, మీ స్కూలు స్కేలు కంటే కొంచెం పొట్టి. దాని పక్కన నిలబడ్డ మనిషి 5 మిల్లీమీటర్లు. 2 సెంటీమీటర్ల మందం ఉన్న తాడు 0.06 మిల్లీమీటర్లు, అంటే తలవెంట్రుకంత! ఈ భాగహారం అలవాటైతే ఓడను చూసే చూపే వేరుగా ఉంటుంది. రెయిలింగు ఎంత ఎత్తు, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎంత దూరం అని కన్ను దానంతటదే కొలుస్తుంది. ఈ పనిలో చేతికంటే ముందు కన్నే నేర్చుకోవాలి.

ఇక మొదటి ఓడ. నా మాట వింటే తెప్పతో మొదలుపెట్టండి. తెప్పా ఓడేనా అని అడగకండి. మన తీరంలో తరతరాలుగా అలలను దాటించింది అదే. ఒక్క మేకు లేకుండా దుంగలను తాడుతో కట్టేస్తారు. అల మీద పడినా నీళ్లు సందుల్లోంచి దిగిపోతాయి, అందుకే మునగదు. ఇప్పుడు ఎక్కువగా ఫైబర్ పడవలే కనిపిస్తున్నాయి కాబట్టి, ఎక్కడైనా పాత తెప్ప కనబడితే మత్స్యకారులను అడిగి కొలుచుకోండి. ఎన్ని దుంగలు, ఏది పొడుగు, ముందు భాగం ఎలా వంపు తిరిగింది, తాడు ఎన్ని చుట్లు చుట్టారు, అన్నీ రాసుకోండి. 6 మీటర్ల తెప్పను 1:24లో చేస్తే 25 సెంటీమీటర్లు వస్తుంది. దుంగలకు జీలుగు బెండు చాలు, బ్లేడుతో సులువుగా తెగుతుంది, ఉప్పు కాగితంతో నున్నగా అవుతుంది. బ్లేడు పట్టుకున్నప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి, ఎప్పుడూ వేళ్లకు అవతలి వైపుకే కొయ్యాలి.

ఎందుకింత చిన్నదానితో మొదలుపెట్టమంటున్నానో చెబుతాను. నేను కుర్రతనంలో ఏకంగా ఇంగ్లండు యుద్ధనౌక విక్టరీతో మొదలుపెట్టాను. అది 1765లో నీళ్లలోకి దిగిన ఓడ. 1805లో ట్రఫాల్గర్ యుద్ధం నాటికి దాని మీద 104 ఫిరంగులు. దాని తెరచాపలకూ కొయ్యలకూ కట్టిన తాళ్లన్నీ కలిపితే 40 కిలోమీటర్ల పైమాటే. పలకలు అతికించడం అయ్యేసరికే ఏడాది దాటింది. తాళ్ల దగ్గరకు వచ్చాక నా ఓపిక అయిపోయింది. ఆ ఓడను అటక మీద పెట్టి మూడేళ్లు ముట్టుకోలేదు. ఆ మూడేళ్లూ నాకీ పని చేతకాదనే అనుకున్నాను, నాకది చాలా బాధగా ఉండేది. మీకు ఆ బాధ రాకూడదు. తెప్ప అయితే నాలుగు ఆదివారాల్లో పూర్తవుతుంది. పూర్తయిన ఓడ ఎలా ఉన్నా ఒకటి చేతిలో ఉండాలి.

దాని తర్వాత ప్లాస్టిక్ కిట్ కొనుక్కోండి. 1:700 స్కేలులో 'వాటర్‌లైన్' ఓడలు దొరుకుతాయి. జపాన్‌లోని షిజుఓకా ప్రాంతానికి చెందిన నాలుగు కంపెనీలు కలిసి 1971లో ఈ వరస మొదలుపెట్టాయి. నీటి మట్టానికి కింది భాగం ఉండదు కాబట్టి బల్ల మీద పెడితే ఓడ సముద్రంలో ఉన్నట్టే కనిపిస్తుంది. మీకు నచ్చే మాట ఇంకొకటి: ఇవి చిన్నవి, షెల్ఫులో ఇట్టే ఇమిడిపోతాయి.

కిట్‌తో రెండు మూడు జాగ్రత్తలు. చిన్న ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ ఫ్రేముకు అతుక్కుని వస్తాయి, వాటిని దాని నుంచి విరవకండి, కటింగ్ ప్లయరుతో కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొటిమను ఆకురాయితో అరగదీయండి. సన్నటి ముక్కలకు ఫ్రేములో ఉండగానే రంగు వేస్తే చేతికి పట్టు దొరుకుతుంది. ప్లాస్టిక్‌కు మోడల్ సిమెంటు అనే జిగురే వాడండి, అది రెండు ముక్కల అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. సూపర్ గ్లూ ఆవిరి పక్కనున్న అద్దం ముక్కల మీద తెల్లటి పొర కడుతుంది. నా ఓడ కిటికీలు రెండు అలాగే పాడయ్యాయి. గ్లూ, రంగు వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి.

మా ఇంట్లో పరికరాలు లేవు, డబ్బులు లేవు అనేవాళ్లు ఈ సంగతి వినండి. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఫ్రెంచి సైనికులు, నావికులు వేలమంది ఇంగ్లండులో బందీలుగా ఉన్నారు. పీటర్‌బరో దగ్గర నార్మన్ క్రాస్ అనే చోట పెద్ద శిబిరం ఉండేది. వాళ్లకు తిండిలో వచ్చిన మాంసం ఎముకలను శుభ్రం చేసి, చీల్చి, పలకలుగా చెక్కి ఓడలు చేశారు. తాళ్లకు పట్టుదారం, ఒక్కోసారి మనుషుల వెంట్రుకలు. ఇందాక మనం లెక్క కట్టిన 0.06 మిల్లీమీటర్ల తాడు గుర్తుందా? వాళ్లకు ఆ తాడు తల మీదే దొరికింది. చేసినవి అక్కడి జనానికి అమ్ముకునేవాళ్లు. రెండు వందల ఏళ్లు దాటినా ఆ శిబిరంలో చేసిన వస్తువులు పీటర్‌బరో మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఎప్పుడైనా ఆ ఫోటోలు చూడండి, ఒక్కో ఎముక ముక్కనూ ఎంత ఓపికగా అరగదీశారో తెలుస్తుంది.

మీలో చరిత్ర ఇష్టమైనవాళ్లకు ఇంకో ఓడ చెబుతాను. శాతవాహనుల సీసపు నాణేలు కొన్నింటి మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. యజ్ఞశ్రీ శాతకర్ణి అనే రాజు వేయించినవి వాటిలో ఉన్నాయి. ఆ బొమ్మ నాణెం మీద పట్టేంతే ఉంటుంది, లోపలి కట్టుబడి కనిపించదు. ఆ ఓడను మోడల్‌గా చెయ్యాలంటే చాలా చదవాలి, చాలా ఊహించాలి. నా బీరువాలో కింది అరలో సగం కట్టి ఉన్నది అదే. మీరు అడుగుతారేమోనని చూశాను, ఎవరూ అడగలేదు.

దసరా సెలవుల్లో మళ్లీ రండి. జీలుగు బెండు నేను తెప్పించి ఉంచుతాను. కొలతలు రాసుకున్న నోటుపుస్తకం మాత్రం మరిచిపోకుండా తెచ్చుకోండి.

ప్రేమతో,
మీ తాతయ్య