సీసా మీది పేరు, నీళ్లలోని అణువు

ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లం పొడిని నీళ్లలో వేస్తే ఇట్టే కరిగిపోతుంది. పొడిలో ఆ అణువు ఎలా ఉంటుందో బాగా తెలిసిందే. నడుమ ఒక ఫాస్ఫరస్, దాని చుట్టూ 12 టంగ్‌స్టన్, 40 ఆక్సిజన్ పరమాణువులు. ఇంతా కలిపి వెడల్పు ఒక నానోమీటరు. 1933లో కెగ్గిన్ అనే శాస్త్రవేత్త ఎక్స్-రే వివర్తనంతో ఈ అమరికను తేల్చాడు. అయితే అదంతా స్ఫటికం సంగతి. కరిగాక ఆ క్లస్టర్, అంటే ఆ పరమాణువుల గుంపు, అలాగే ఉందా, విడిపోయిందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న వేసుకోకుండా చేసిన ప్రయోగాన్ని నేను నమ్మలేను.

ఎందుకంటే ఈ క్లస్టర్ నిలకడగా ఉండేది బాగా ఆమ్లంగా ఉన్న నీళ్లలోనే. పీహెచ్ సుమారు 2 దాటేసరికి ఒక టంగ్‌స్టన్ ఊడిపోయి 11 మిగులుతాయి. 7 దాటుతుంటే అదీ విడిపోవడం మొదలుపెడుతుంది. కానీ ఎంజైముల మీద, జీవకణాల మీద ఇలాంటి పదార్థాల ప్రభావం చూసే ప్రయోగాలు మామూలుగా జరిగేది 7 దగ్గరే. అప్పుడు ఫలితం సీసా మీది పేరున నమోదవుతుంది, పని చేసింది మాత్రం దాని ముక్క కావచ్చు.

దీన్ని పట్టుకోవడానికి ఫాస్ఫరస్ ఎన్ఎంఆర్‌ను (అయస్కాంత క్షేత్రంలో ఫాస్ఫరస్ కేంద్రకాలిచ్చే సిగ్నల్‌ను కొలిచే పద్ధతి) మించిన తేలికైన దారి లేదు. ప్రకృతిలో దొరికే ఫాస్ఫరస్ అంతా ఒకే ఐసోటోపు కాబట్టి సిగ్నల్ బలంగా వస్తుంది. చెక్కుచెదరని క్లస్టర్ సుమారు మైనస్ 15 పీపీఎం (గీత స్థానాన్ని చెప్పే కొలమానం) దగ్గర ఒకే ఒక సన్నటి గీతగా కనిపిస్తుంది. ఒక టంగ్‌స్టన్ ఊడితే గీత మైనస్ 10 వైపు జరుగుతుంది. విడి ఫాస్ఫేటు గీత సున్నాకు దగ్గర్లో పడుతుంది. పీహెచ్ కొంచెం కొంచెం పెంచుతూ చూస్తే ఒక గీత తగ్గుతూ, పక్కది పెరుగుతూ ఉంటుంది. ఫాస్ఫరస్ లేని ముక్కలు మాత్రం ఇందులో పడవు. పోనీ టంగ్‌స్టన్‌నే చూద్దామంటే, అందుకు పనికొచ్చే టంగ్‌స్టన్-183 ఉండేది సుమారు 14 శాతమే, సిగ్నల్ కూడా బలహీనం. చిక్కటి ద్రావణం కావాలి, ఎక్కువసేపు కొలవాలి. చిక్కదనం మారితే ద్రావణంలో ఏది ఎంత ఉందన్నదీ మారిపోవచ్చు!

అయాన్లను ద్రవ్యరాశిని బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ మరో దారి. ద్రావణాన్ని విద్యుదావేశమున్న సన్నటి తుంపరగా చిమ్మి, అయాన్లను బయటకు లాగుతారు. ఈ ఎలక్ట్రోస్ప్రే పద్ధతికే జాన్ ఫెన్ 2002 నోబెల్‌లో భాగం పొందాడు. మన క్లస్టర్ ద్రవ్యరాశి సుమారు 2877, దాని మీద మూడు రుణావేశాలు. యంత్రం చూపించేది ద్రవ్యరాశిని ఆవేశంతో భాగించిన విలువ కాబట్టి 959 దగ్గర కనబడుతుంది. టంగ్‌స్టన్‌కు ఐదు సహజ ఐసోటోపులున్నందున ఒక్క శిఖరం బదులు గుంపు వస్తుంది. ఆ గుంపులో పక్కపక్క శిఖరాల మధ్య దూరం ఒక యూనిట్‌లో మూడో వంతు ఉంటే ఆవేశం మూడన్నమాట. ఎంత అందమైన లెక్కో! అయితే తుంపర ఆరేకొద్దీ ద్రావణం చిక్కబడుతుంది, ఆమ్లత్వం మారుతుంది, అయాన్లు విరగొచ్చు కూడా. అందుకే ఇందులో కనిపించిన ముక్క నీళ్లలోనూ ఉందని ఎన్ఎంఆర్ చెప్పేదాకా ఆగడం మంచిది.

పరిమాణం తెలియాలంటే, కణాలు ఎక్స్-రేలను చిన్న కోణాల్లో ఎలా వెదజల్లుతాయో చూసే స్మాల్ యాంగిల్ ఎక్స్-రే పరిక్షేపణం ఉంది. కాంతి పరిక్షేపణంతోనూ కొలవొచ్చు కానీ జాగ్రత్త అవసరం. కణం వ్యాసార్థం రెట్టింపైతే అది వెదజల్లే కాంతి సుమారు 64 రెట్లవుతుంది. నాలుగు దుమ్ము కణాలు చాలు, అసలు క్లస్టర్లు కనిపించకుండా పోవడానికి.

నాకు బాగా నచ్చేది 13 అల్యూమినియంల క్లస్టర్ కథ. అల్యూమినియం లవణాన్ని క్షారంతో నెమ్మదిగా పాక్షికంగా తటస్థం చేస్తే ఇది తయారవుతుంది. అల్యూమినియం ఎన్ఎంఆర్‌లో 63 పీపీఎం దగ్గర సన్నటి గీత వస్తుంది, కానీ అది నడుమనున్న ఒక్క అల్యూమినియానిదే. చుట్టూ ఉన్న 12 పరమాణువుల గీత వెడల్పయి దాదాపు కనపడదు. కాబట్టి క్లస్టర్లలోని మొత్తం అల్యూమినియం లెక్క కావాలంటే ఆ గీత బలాన్ని 13తో హెచ్చించాలి.

ఇదే క్లస్టర్‌ను ఆక్సిజన్-17 ఎక్కువగా ఉన్న నీళ్లలో ఉంచి ఎన్ఎంఆర్ తీస్తే, ఆ ఆక్సిజన్ ఎక్కడెక్కడ చేరుతోందో తెలుస్తుంది. అల్యూమినియంలను కలిపే హైడ్రాక్సైడ్ వంతెనలు రెండు రకాలు. ఒక రకం తన ఆక్సిజన్‌ను నీళ్లతో మార్చుకునే వేగం రెండో రకం కంటే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ. లోపలి నాలుగు ఆక్సిజన్లయితే క్లస్టర్ విడిపోయేదాకా కదలవు.